కొలతతో ఆహారము – కొలత లేని ప్రేమ



2023 నుండి మేము ఏ గ్రామమునకు కూటములకు వెళ్లినను ఒకే ప్రశ్న ఎదురగుచున్నది. "అయ్యగారూ, గింత బక్కగయిన్రేంది? షుగర్ ముదిరిందా?" అని కొందరు ముఖముననే అడుగుదురు. మరికొందరు అమ్మగారిని వంటయింటిలోనికి పిలిచి, ఏదైనా పెద్ద రోగము వచ్చినదా అని మెల్లగా అడుగుదురు. ఒక ఊరిలోనైతే ఇది నలువది దినముల ఉపవాస ఫలమని చెప్పుకొన్నారట. ప్రియులారా, అది ఉపవాసము కాదు, రోగమూ కాదు. బరువు తగ్గుటకు కడుపునకు చేసిన ఆపరేషన్. మన సంఘములలో కూడ ఇట్టి చికిత్స చేయించుకొనువారు ఒక్కొక్కరుగా కనబడుచున్నారు గనుక, ఇంటికి వచ్చిన తరువాత జీవితమెట్లుండునో నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

"మేము" అని వ్రాయుట గొప్ప కొరకు కాదు. కత్తి పడినది ఒకరి దేహము మీదనే, కాని కోలుకొనవలసి వచ్చినది ఇద్దరికి. సంఘము మమ్మును పిలుచు పేర్లతోనే చెప్పెదము. ఆపరేషన్ జరిగినది అయ్యగారికి. పథ్యము వండి పెట్టినది అమ్మగారు.

మా బసంత్‌నగర్ రామగుండము, గోదావరిఖని బొగ్గు ప్రాంతములోనిది. 1969లో ఆరంభమైన కేశోరాం సిమెంటు కర్మాగారము చుట్టు పెరిగిన ఊరు. సంఘములో సిమెంటు ఫ్యాక్టరీ పనివారున్నారు, సింగరేణి బాయి పనివారున్నారు, కన్నాల, పాలకుర్తి వైపు పొలము చేసుకొను కుటుంబములున్నవి. బాయి దిగి షిఫ్టు చేసి వచ్చినవానికి కడుపు నిండ అన్నము పెట్టుటే ఇక్కడ ప్రేమకు గుర్తు. గృహ ప్రార్థనలో ఆమేన్ అనగానే విస్తరి పడును. బగారన్నము, కోడికూర, పచ్చిపులుసు. పాస్టరు మారు వడ్డించుకొననిచో ఆ ఇంటి తల్లి మొగము చిన్నబోవును. ఇరువది యేండ్ల సేవలో ప్రజల ప్రేమ మాకు చాల వరకు అన్నము రూపములోనే అందినది. దానికి దేవునికి స్తోత్రము.

అయితే 2023 జనవరి నాటికి అయ్యగారి బరువు 132 కిలోలు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళములు. వారి తండ్రి వైపు అందరిదీ భారీ దేహమే. తొమ్మిదేండ్లుగా షుగరు, దినమునకు రెండుసార్లు ఇన్సులిన్, మోకాళ్ల నొప్పులు. రాత్రివేళ గురకలో ఊపిరి ఆగిపోయి, కొంతసేపటికి ఒక్కసారి ఎగదన్ని వచ్చెడిది. ఆ మధ్య నిశ్శబ్దములో అమ్మగారు లేచి కూర్చుండి, చేయి వారి ఛాతీ మీద పెట్టి ప్రార్థించెడివారు. పథ్యము, నడక, మందులు అన్నియు జరిగినవి. పది కిలోలు తగ్గుట, పన్నెండు పెరుగుట, ఇదే వరుస. చివరకు హైదరాబాదులో డాక్టర్లు ఆపరేషన్ మేలని చెప్పిరి.

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చు సంఖ్యను బి.ఎం.ఐ. అందురు. అయ్యగారిది దాదాపు 47. మన దేశములో సాధారణముగా 37.5 దాటినవారికి, షుగరు వంటి జబ్బులున్నచో 32.5 దాటినవారికి ఈ చికిత్సను ఆలోచించుచు వచ్చిరి. 2022లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు ఈ హద్దును ఇంకను తగ్గించినవి. ఇది నిన్న మొన్న పుట్టిన వైద్యమును కాదు. అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ 1966లోనే కడుపును చిన్నది చేసి ప్రేగునకు కలుపు బైపాస్ పద్ధతిని ఆరంభించెను. అయ్యగారికి చేసినది స్లీవ్ అను మరియొక పద్ధతి. చిన్న రంధ్రముల గుండా పరికరములను పంపి, కడుపులో ముప్పాతిక భాగమునకు పైగా కోసి తీసివేసిరి. మిగిలినది అరటిపండువలె సన్నని గొట్టము. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను ఎక్కువగా తయారగు భాగము కూడ దానితో పోవును గనుక ఆకలి తగ్గును.

"దేవుడిచ్చిన కడుపు కోపించుకొనుడు విశ్వాసమేనా అయ్యగారూ?" అని ఒక పెద్ద అడిగిరి. అది తప్పు ప్రశ్న కాదు. అపెండిసైటిస్ వచ్చినప్పుడు, కంటి శుక్లము వచ్చినప్పుడు మనము కోయించుకొనుచునే యున్నాము. లూకా వైద్యుడు. మన ప్రాంతమునకు సువార్త వచ్చినప్పుడు వైద్యము దానితో కూడ వచ్చినది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అను మిషనరీ దొరసాని 1915లో కుష్ఠు రోగులకు ఆసుపత్రి తెరచిరి. ఆ రోగము శాపమని అందరు అనుకొను కాలములో ఆమె దానిని రోగమనియే చూచిరి. అధిక స్థూలకాయమును కూడ నేడు వైద్యులు సోమరితనమని కాక రోగమని చెప్పుచున్నారు. నితిన్ గడ్కరీ గారు 2011లో, కేంద్ర ఆర్థిక మంత్రిగా ఉన్న అరుణ్ జైట్లీ గారు 2014లో బరువు తగ్గుటకు ఆపరేషన్ చేయించుకొన్నారు. 2023లో హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో 240 కిలోల యువకునికి ఇట్టి ఆపరేషన్ చేసిరి. భయపడువారు 2015లో అమెరికాలో మరణించిన నటి ఆర్తీ అగర్వాల్ గారిని జ్ఞాపకము చేయుదురు. ఆమె కొన్ని వారముల ముందు చేయించుకొన్నది చర్మము క్రింద కొవ్వు పీల్చివేయు లైపోసక్షన్ అని వార్తలు వచ్చినవి. అది వేరు, ఇది వేరు. అయినను ఏ ఆపరేషన్ కైనను అపాయము ఉన్నది. కుట్టిన చోట కారుట, రక్తస్రావము, కాళ్లలో రక్తము గడ్డకట్టుట వంటివి డాక్టర్లు ముందే చెప్పి సంతకము తీసుకొందురు. అవి విని, ప్రార్థించి, అమ్మగారి పుట్టింటివారు ఇచ్చిన కొద్ది భూమిని అమ్మి, ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరితిమి.

ఆపరేషన్ రెండు గంటలలో ముగిసినది. అసలు పని ఆ తరువాత మొదలైనది.

మరునాడు నర్సమ్మ చిన్న గిన్నెడు నీళ్లు తెచ్చిరి, 30 మిల్లీలీటర్లు. "గుటక వేయవద్దు, పావుగంటసేపు కొంచెము కొంచెము చప్పరించండి" అనిరి. ఆ గిన్నెను చూచి మేమిద్దరము ఒకరినొకరు చూచుకొంటిమి. మా సంఘములో ప్రభు బల్ల యొద్ద ఇచ్చు చిన్న గిన్నె అంతే యున్నది. ఆ గిన్నె అందుకొని "చాలలేదు" అని లేచిపోయిన విశ్వాసిని మేమెన్నడును చూడలేదు. కొద్ది ఆహారము కూడ తృప్తి కావచ్చునని బోధించుచు వచ్చిన మాటను ఇప్పుడు దేహముతో నేర్చుకొనవలసి వచ్చినది.

మా డాక్టరు ఇచ్చిన క్రమము ఇది. ఆసుపత్రిని బట్టి కొంత తేడా ఉండును. మొదటి రెండు వారములు ద్రవములే: పలుచని మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, కొబ్బరినీళ్లు. తరువాత రెండు వారములు మెత్తగా మెదిపినవి: రాగి జావ, పెరుగు, గుజ్జు చేసిన పప్పు. ఆ మీదట ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప. రెండు నెలలకు సామాన్య భోజనము, అదియు టీకప్పు సాసరులో పట్టునంతే. దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు కావలెను. ఒక గుడ్డులో ఉండునవి 6 గ్రాములే. కనుక పళ్లెములో ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు. చోటు మిగిలినచో కూర. అన్నము చివర. పుట్టినది మొదలు అన్నము ముందు పెట్టుకొన్న మనకు ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

నీళ్ల సంగతి ఇంకను కష్టమైనది. భోజనముతో నీళ్లు త్రాగరాదు, అరగంట ఆగవలెను. ఒక్కసారి చెంబెడు త్రాగరాదు. ఫిబ్రవరిలో ఆపరేషన్ అయినది గనుక రెండు నెలలకే మా రామగుండపు ఎండలు వచ్చినవి. వేడి 45 డిగ్రీలు దాటు దినములు ఇక్కడ క్రొత్త కాదు. దాహముతో నాలుక పిడచకట్టినను గుటక వేయలేని స్థితి. అమ్మగారు రెండు లీటర్ల నీళ్లు కొలిచి సీసాలలో పోసి, గడియారము చూచి అందించెడివారు. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నపు గృహ దర్శనములు మానుకొని, ఉదయము ఏడు గంటలలోపు ముగించితిమి.

దేహములో కలిగిన మార్పులను దాచక చెప్పెదము. మూడవ నెలలో వెంట్రుకలు గుప్పెడు గుప్పెడుగా రాలినవి, తొమ్మిదవ నెలకు మరల వచ్చినవి. చేతుల క్రింద, పొట్ట మీద చర్మము వదులై వ్రేలాడినది, అది పూర్తిగా పోలేదు. బరువు వేగముగా తగ్గునప్పుడు పిత్తాశయములో రాళ్లు ఏర్పడవచ్చునని స్కానింగ్ చేయించిరి. విటమిన్లు, ఐరన్, కాల్షియము, బి12 జీవితాంతము వాడవలెను. సొంతముగా నొప్పి మాత్రలు కొని మ్రింగరాదు, అవి కడుపులో పుండ్లు చేయును. మాటిమాటికి వాంతులగుచున్నచో ఓర్చుకొని కూర్చుండరాదు. బి1 విటమిన్ తగ్గి నరములు, మెదడు దెబ్బతినవచ్చును గనుక వెంటనే డాక్టరు యొద్దకు పోవలెను. ఈ ఆపరేషన్ అయిన స్త్రీలు సంవత్సరము నుండి సంవత్సరమున్నర వరకు గర్భము ధరింపకుండుట మంచిదని వైద్యులు చెప్పుదురు. మేలు కూడ చెప్పవలెను. ఇన్సులిన్ ఆగినది, ఒక్క మాత్ర మిగిలినది. గురకలో ఊపిరి ఆగుట పోయినది. ఆగస్టులో ఒక రాత్రి అమ్మగారు తెల్లవారువరకు లేవకుండ నిద్రపోయిరి. అది మా ఇంట ఏండ్ల తరువాత జరిగిన సంగతి.

ఇంత మేలు జరుగుచుండగా మరియొకటి నిశ్శబ్దముగా జరిగినది. అమ్మగారు అన్నము తినుట తగ్గించిరి. అయ్యగారు నాలుగు చెంచాలు తిని పళ్లెము ప్రక్కన పెట్టగా, ఎదుట కూర్చుండి కడుపు నిండ తినుటకు వారి చేయి ఆడలేదు. ఆయనకు ఆశ కలుగునేమో అని కూరకు తాళింపు పెట్టుట మానిరి. అందరి భోజనమైన తరువాత వంటయింటిలో నిలువబడి రెండు ముద్దలు తినెడివారు. ఒక్కొక్క పూట అదియు లేదు. మా సంఘములో ఆశా కార్యకర్తయైన ఒక సహోదరి జూలైలో ఇంటికి వచ్చి చూచి, "అమ్మగారూ, ఆపరేషన్ అయ్యగారికయితే మీరెందుకు బక్కగయితున్రు?" అని అడిగెను. రక్త పరీక్ష చేయించగా హిమోగ్లోబిన్ 8.6 ఉన్నది. ఆ సాయంత్రము అమ్మగారు చాలసేపు ఏడ్చిరి. "ఇరువది రెండేండ్లు వండి పెట్టుటే నా పని. ఇప్పుడు నా వంట అక్కరలేని ఇంట్లో నేనెవరిని?" అనిరి.

ప్రియులారా, ఈ మాట ఏ డిశ్చార్జి కాగితములోను వ్రాసి యుండదు. ఒక మనిషి కడుపు చిన్నదైనప్పుడు, ఆ కడుపును నింపుటయే ప్రేమగా బ్రదికిన మరియొక మనిషి చేతులు ఖాళీ యగును. ఆ ఖాళీ చేతుల సంగతి ఎవరు చూచెదరు?

తరువాతి తనిఖీకి అమ్మగారిని కూడ లోపలికి తీసికొనిపోతిమి. పథ్యము చెప్పు డైటీషియన్ అమ్మ అంతయు విని ఒక్క నియమము చెప్పిరి: "ఒకే బల్ల, ఒకే సమయము, రెండు పళ్లెములు. ఒకరి పళ్లెము చూచి ఒకరు తినవద్దు." ఆనాటి నుండి మేము అట్లే చేయుచున్నాము. అమ్మగారి పళ్లెములో అన్నము, పప్పు, తోటకూర తాళింపుతోనే. అయ్యగారి చిన్న పళ్లెములో గుడ్డు, పెరుగు. ఆయన మెల్లగా నమలి ముగించుటకు అరగంట పట్టును, ఆమె కూడ అరగంట కూర్చుందురు. పెండ్లియైన తరువాత భోజనము వేళ మేమంతసేపు మాటలాడుకొన్నది ఇదే మొదలు. ఆరు నెలలకు అమ్మగారి హిమోగ్లోబిన్ 11 దాటినది.

ఇంటి బల్ల సరిపడినది గాని సంఘపు బల్ల మిగిలియున్నది. కన్నాల వైపు ఒక వృద్ధ విధవరాలున్నది. కూలి చేసుకొని బ్రదుకును. ప్రార్థనకు వెళ్లిన ప్రతిసారి కోడిని కోయును. ఆపరేషన్ తరువాత మొదటిసారి వెళ్లినప్పుడు అయ్యగారు రెండు ముక్కలు తిని చేయి కడుగగా, ఆమె కన్నుల నీళ్లు పెట్టుకొని, "మా ఇంట్ల తిననంటరా అయ్యగారూ? బీదదాన్ననా?" అనెను. అమ్మగారు ఆమె ప్రక్కన నేల మీద కూర్చుండి, కడుపు ఎంత మిగిలినదో తన అరచేతితో చూపి వివరించిరి. ఆమె కొంతసేపు ఆలోచించి, "మరి ఏం తింటరు?" అని అడిగెను. ఎంత మంచి ప్రశ్న! అంతకు ముందు ఎందరో "ఎందుకు తినరు?" అని అడిగిరి గాని, "ఏమి తిందురు?" అని అడిగినది ఆమె ఒక్కతెయే. మరుసటి నెల వెళ్లగా పెద్ద స్టీలు పళ్లెము మధ్య ఒక్క ఉడికిన గుడ్డు, రెండుగా కోసి, ఉప్పు చల్లి పెట్టెను. "కోడిని కొయ్యలే అయ్యగారూ, అది పెట్టిన గుడ్డే. మల్లొచ్చినప్పుడు గూడ కోడి ఉంటది" అనెను. అందరము నవ్వితిమి. కోడియు బ్రదికినది, ఆమెకు ఖర్చు తగ్గినది, ప్రేమ మాత్రము తగ్గలేదు.

షూనేములోని ఘనురాలు ఎలీషాకు చేసిన ఉపచారము రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో ఉన్నది. ఆమె ఆయనకు భోజనము పెట్టెను. అంతటితో ఆగక ఆయన అలసటను కనిపెట్టి, మేడ మీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, కుర్చీ, దీపస్తంభము ఉంచెను. వచ్చిన మనిషికి ఏది అవసరమో చూచుటయే ఆతిథ్యమని ఆమె వలన నేర్చుకొందుము. నిర్గమకాండము పదునారవ అధ్యాయములో మన్నా కూర్చుకొన్నవారిలో ఎవరి కొలత వారికి సరిపోయినది. ఎక్కువ కూర్చిన వానికి మిగులలేదు, తక్కువ కూర్చిన వానికి తక్కువ కాలేదు. దేవుడు కొలిచి పెట్టినది లోభము చేత కాదు గదా!

ఇది ఒక్కనాటితో ముగియు సంగతి కాదు. అయ్యగారి బరువు పదునైదు నెలలకు 94 కిలోలకు దిగినది, ఆ మీదట 97కు వచ్చి నిలిచినది. కొంత తిరిగి వచ్చుట చాలమందిలో ఉన్నదే అని డాక్టర్లు చెప్పిరి. నడక, కొలత, తనిఖీ విడిచినచో ఇంకను పెరుగును. మిక్సరు, బిస్కట్టు, తీపి టీ వంటివి చిన్న కడుపులో కూడ సులభముగా జారిపోవును గనుక అక్కడనే జాగ్రత్త కావలెను. ఆపరేషన్ కడుపును కోయును గాని దుఃఖము వచ్చినప్పుడు తినవలెనను తలంపును కోయలేదు. నాలుగవ నెలలో సాయంత్రములు అయ్యగారికి కారణము లేని దిగులు కమ్మెడిది. కూటములు ముగించి వచ్చి పదిమందితో కూర్చుండి తినుటలో తీరిన అలసట ఇప్పుడు ఎక్కడ తీరవలెను? మేము చీకటి పడకముందు ఇద్దరము కాలనీ రోడ్డు మీద నడచుట ఆరంభించితిమి. దిగులు తగ్గనివారు మానసిక వైద్యుని చూచుటకు సిగ్గుపడరాదు. కొందరు ఈ ఆపరేషన్ తరువాత మద్యమునకు తొందరగా బానిసలగుదురని కూడ వైద్యులు హెచ్చరించుచున్నారు. షిఫ్టు ముగిసి దుకాణము దారి పట్టు అలవాటున్న మా ప్రాంతమునకు ఈ మాట గట్టిగా చెప్పవలెను. 2025 నుండి మన దేశములో బరువు తగ్గించు క్రొత్త సూదిమందులు కూడ అమ్మకమునకు వచ్చినవి. ఎవరికి ఏది తగునో డాక్టరు చెప్పవలెను గాని పొరుగువారు కాదు.

కనుక సంఘములకు మా మనవి. మీ మధ్య ఇట్టి ఆపరేషన్ చేయించుకొన్నవారు ఉన్నచో, "ఒక్క ముద్ద, నా కోసం" అని బలవంతము చేయవద్దు. ఆ ఒక్క ముద్ద వారిని రాత్రి వాంతులతో మేల్కొల్పును. "ఎంత తగ్గిన్రు?" అని కలిసినప్పుడెల్ల తూకము అడుగవద్దు. "కష్టపడి తగ్గక అడ్డదారి పట్టిన్రు" అని వెనుక మాటలాడవద్దు, ఈ దారిలో కష్టము తక్కువేమియు కాదు. క్రిస్మస్ విందులో, పెండ్లి విందులో వారికొక చిన్న పళ్లెము, ఒక గుడ్డు, ఒక గిన్నె పెరుగు సిద్ధపరచుడి. బంతిలో అందరితో కూర్చుండబెట్టుడి, మూలకు పంపవద్దు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ ఇంటిలో వండువారిని పలుకరించుడి. "నువ్వు తిన్నవా అమ్మా?" అని అడుగుడి. మా సంఘ స్త్రీల కూడికలో ఇప్పుడు ప్రార్థన ముగిసిన పిమ్మట ఉడికిన శనగ గుడాలు పెట్టుచున్నారు. షుగరున్న పెద్దలు కూడ సంతోషముగా తినుచున్నారు.

యాయీరు కుమార్తెను లేపిన ప్రభువు, ఆమెకు తినుటకేమైన పెట్టుమని ఆ ఇంటివారికి చెప్పెను. బ్రదికించుట ఆయన పని, తగినది పెట్టుట ఇంటివారి పని. ఆ పనిని వివేకముతోను ప్రేమతోను చేయుటకు దేవుడు మన కుటుంబములకును సంఘములకును సహాయము చేయును గాక. ఆమేన్.